సవరణ: కరెన్ ఊరంటే మెడ చుట్టల ఊరు కాదు

కరెన్లు థాయ్‌లాండ్, బర్మా సరిహద్దు కొండల్లో ఉండే ఒక జాతి. ఉత్తర థాయ్‌లాండ్ ప్రయాణం గురించి మేం రాసిన పోస్టులో "కరెన్ ఊరంటే మెడకి ఇత్తడి చుట్టలు వేసుకున్న ఆడవాళ్ల ఊరు, టికెట్ కొని చూసి రావచ్చు" అని ఉంది. ఆ వాక్యం తీసేశాం.

ఆ చుట్టలు వేసుకునేది కయాన్ స్త్రీలు. కరెన్లలో వాళ్లది చిన్న శాఖ. బర్మా సరిహద్దున ఉన్న థాయ్ ప్రాంతం మే హాంగ్ సాన్ వైపున్న కయాన్లు చాలావరకు బర్మాలో యుద్ధం తట్టుకోలేక 1980ల చివరి నుంచి సరిహద్దు దాటి వచ్చినవాళ్లు. వాళ్లని టికెట్ పెట్టి చూపించడాన్ని 2008లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థే తప్పుపట్టింది. అన్నట్టు, చుట్టల వల్ల మెడ సాగదు, ఆ బరువుకి కాలర్ ఎముకలు కిందికి దిగుతాయి.

థాయ్‌లాండ్ కరెన్లలో ఎక్కువమంది స్గా, ప్వో శాఖలవాళ్లు. వాళ్లకి ఈ చుట్టల అలవాటే లేదు. వాళ్ల ఊరికి వెళ్లాలంటే చియాంగ్ మాయ్ దగ్గర దోయ్ ఇంతనోన్ కొండల్లోని మే క్లాంగ్ లువాంగ్ చూడండి. ఆ ఊరికి చేర్చే ఫా డోక్ సియో కాలిబాటలో స్థానిక కరెన్ గైడ్ తోడు తప్పనిసరి. గైడ్ ఫీజు దండగ అనుకోకండి, మీ డబ్బు ఊరివాళ్ల చేతికి నేరుగా అందేది అక్కడే. దారి జలపాతం పక్కగా దిగి, వరి మడుల గట్ల మీదుగా ఊళ్లోకి చేరుతుంది. అక్కడ పండిన కాఫీ అక్కడే కాచి ఇస్తారు.

"ఫొటోలకి ఎవరూ ఏమీ అనరు" అన్న మాటా తీసేశాం. అడిగి తీసుకోండి. పొలాలు పచ్చగా కనబడాలంటే సెప్టెంబరులో వెళ్లండి, ఏప్రిల్‌లో ఎండిన మడులే ఉంటాయి.