412 పావలాలు

పావలా బిళ్లకు ప్రభుత్వం 2011 జూన్ 30తో చెల్లుచీటీ రాసేసింది గాని, క్రెడిట్ కార్డుల బహుమతి పాయింట్ల లోకంలో అది నేటికీ దర్జాగా చలామణిలోనే ఉన్నది. నూట యాభై రూపాయల సరుకు కొంటే ఒక పాయింటు జమ చేయడం, ఆ పాయింటుకు పావలా విలువ కట్టడం, ఆ పావలాకు మళ్లీ రెండు మూడేళ్ల గడువు పెట్టడం బ్యాంకుల్లో కనిపించే ఏర్పాటే. పెట్రోలు పోయించుకుంటే చాలా కార్డుల మీద ఆ ఒక్క పాయింటు కూడా రాదు. ఈ సంగతి తెలియని మా నాయన, కార్డు చేతికొచ్చిన కొత్తలో స్కూటరుకు పెట్రోలు తప్ప దానితో మరేమీ కొనేవారు కాదు. అప్పు చేసి బియ్యం కొనడం సంసార పక్షం కాదనీ, పెట్రోలైతే ఎటూ పొగైపోయేదే కనుక పరవాలేదనీ ఆయన సిద్ధాంతం.

నాయన లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేసి కందుకూరులోని మా పాత ఇంట్లోనే ఉంటున్నారు. విరమణ సొమ్ము డిపాజిట్ చేయడానికి వెళ్లినప్పుడు, జీవితాంతం ఉచితమని చెప్పి బ్యాంకువారు అంటగట్టిన కార్డు అది. పెట్రోలు ముచ్చట తీరాక దానిని ఆయన ఎవరిదో పాత శుభలేఖ కవరులో పెట్టి, కవరు మీద 'అప్పు కార్డు. అగత్యమైతే తప్ప ముట్టరాదు' అని ఎర్ర సిరాతో రాసి, బీరువాలో ఎల్‌ఐసీ బాండ్ల అడుగున భద్రపరిచారు. (మా ఇంట్లో ప్రతి కవరు మీదా ఇటువంటి శాసనం ఒకటి ఉంటుంది, కరెంటు బిల్లుల కవరు మీది శాసనం అమ్మను ఉద్దేశించినది కనుక ఇక్కడ ఉదహరించను.) అటువంటి అగత్యం 2022 ఫిబ్రవరిలో మా చెల్లెలి పెళ్లికి ఒంగోలులో బట్టలు కొన్నప్పుడు ఒక్కసారే వచ్చింది. బిల్లు 61,800 రూపాయలైంది. గడువుకు ముందే మొత్తం కట్టేసి, కార్డును తిరిగి బాండ్ల కిందికి పంపారు.

2023 సంక్రాంతికి నేను ఇంటికి వెళ్లి, ఇంటిపన్ను రసీదు కోసం బీరువా సర్దుతుండగా ఆ కవరు బయటపడింది.

"దీనిమీద పాయింట్లు ఉండి ఉంటాయి నాయనా. ఊరికే వదిలేస్తే మురిగిపోతాయి" అన్నాను.

మురిగిపోవడమనే మాట వినబడగానే అరిసెల పాకం పొయ్యి మీదనే వదిలి అమ్మ హాల్లోకి వచ్చింది. పాయింట్లకు మిక్సీ వస్తుందా, మూడు జార్లదైతే ఎన్ని పాయింట్లు కావాలి అని ఆరా తీయడం మొదలుపెట్టింది.

నాయన మాత్రం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "బ్యాంకువాడు ఊరికే ఇస్తాడంటే నేను నమ్మనబ్బాయ్. ఊరికే ఇచ్చేవాడు ఎట్లా ఉంటాడో తెలియాలంటే పాత్రల దుకాణం అతన్ని చూడు. దసరాకు మీ అమ్మ పోతే పావలా తీసుకోకుండా అయిదు లీటర్ల కుక్కరు చేతిలో పెట్టాడు. అదీ మర్యాదంటే!"

అమ్మకు అప్పుడే పాకం గుర్తుకు వచ్చింది. లోపలికి వెళ్లిపోయింది.

పాయింట్లు చూడాలంటే ముందు బ్యాంకు వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవాలి, నమోదు కావాలంటే ఓటీపీ కావాలి, ఓటీపీ బ్యాంకులో ఇచ్చిన నంబరుకే వస్తుంది. ఆ నంబరున్న బటన్ల ఫోనును నాయన ఏనాడో మా కౌలుదారుకు ఇచ్చేశారు. జనవరి అంటే మా వైపు పొగాకు బ్యారన్లు, అంటే పచ్చి ఆకును వేడితో ఆరబెట్టే గదులు, కాల్చే కాలం. ఆకు పచ్చదనం పోయి పసుపెక్కే దాకా సన్నని వేడిలో ఉంచి, ఆ తరువాత మెల్లగా పెంచుకుంటూ, ఈనె ఎండే వేళకు 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా తీసుకుపోవాలి. మధ్యలో మనిషి కునుకు తీశాడా, వేలం కేంద్రంలో ఆ ఆకు ముఖం చూసేవాడుండడు. కనుక కౌలుదారు పగలూ రాత్రీ బ్యారన్ దగ్గరే, ఆయన జేబులో మా నాయన ఓటీపీ.

"మామా, ఇప్పుడు ఫోనుకు ఆరంకెల మెసేజీ వచ్చుంటుంది, కాస్త చదువు" అని అడిగాను.

"నూట యాభై ఎనిమిది, అల్లుడూ" అన్నాడు.

అది థర్మామీటరు లెక్క. మెసేజీ సంగతి అర్థమయ్యాక ఆయన గొంతు మారిపోయింది. ఓటీపీ కన్న కొడుక్కి కూడా చెప్పవద్దని మాస్టారు ఫోను ఇచ్చిన రోజునే చెప్పి ఉన్నారట. ఈ మాట స్పీకరులో విని నాయన పరమానందభరితులై, "చూశావా క్రమశిక్షణ!" అని ఫోను అందుకుని, "నేనే మాట్లాడుతున్నానయ్యా, చెప్పు" అన్నారు.

"మాస్టారూ, తప్పుగా అనుకోబాకండి. మీ గొంతు పెట్టి కూడా అడుగుతారని మీరే చెప్పారు గదండీ. మీరు మీరే అయితే నిరుటి కౌలులో నేను మీకెంత బాకీ ఉన్నానో చెప్పండి."

"పన్నెండు వేలు."

"అయితే మీరు మాస్టారు కాదండీ. నా బాకీ పదివేలే" అని ఫోను పెట్టేశాడు.

ఇక ఓటీపీ వ్యవహారం పక్కకు పోయి కౌలు వ్యవహారం ముందుకు వచ్చింది. నాయన మళ్లీ ఫోను చేయడం, పన్నెండంటే ఆయన పదనడం, ఈ లోగా ఓటీపీ గడువు దాటిపోవడం, నేను కొత్త ఓటీపీ తెప్పించడం, అది చదవాలంటే ఆ పాత ఫోనులో మాట్లాడుతున్న కాల్ కట్ చేయక తప్పకపోవడం, కట్ చేసిన మనిషి మంట ఎగదోయడానికి వెళ్లిపోవడం. ఇట్లా కొంతసేపు నడిచేసరికి వెబ్‌సైటుకు మా మీద అనుమానం వచ్చి, ఖాతాకు 24 గంటలపాటు తాళం వేసుకున్నది.

ఇక బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఫోను చేయడమే మిగిలింది. ఆ అంకె నొక్కండి, ఈ అంకె నొక్కండి అన్న ఆజ్ఞలన్నీ పాటించిన మీదట ఒక యువకుడు మర్యాదైన తెలుగులో పలికి, కార్డుదారుని గుర్తింపు కోసం పుట్టిన తేదీ, చిరునామా చెప్పమన్నాడు. పుట్టిన తేదీ దగ్గర చిక్కు రాలేదు.

"ఏ జిల్లా సార్?"

"ఎప్పటి మాట అడుగుతున్నావు నాయనా?" అన్నారు మా నాయన.

ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. ఆయన పుట్టేనాటికి కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి కొంత కొంత తీసి ఒంగోలు జిల్లాను ఏర్పరిస్తే అందులోకి వెళ్లింది. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న మళ్లీ నెల్లూరులో కలిసింది, అప్పటికి అది శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా. ఇల్లు కదలకుండా ఇన్ని జిల్లాల్లో కాపురం చేసిన మనిషిని పట్టుకుని ఏ జిల్లా అంటే ఆయన మాత్రం ఏమి చెబుతారు? ఈ చరిత్రనంతా నాయన తేదీలతో సహా వివరించగా, ఆ యువకుడు ఓపికగా విని, "పిన్‌కోడ్ చెప్పండి సార్, చాలు" అన్నాడు. జిల్లాలు ఎన్ని మారినా 523105 మారలేదు కనుక గండం గడిచింది.

గండం గడిచిందని నేననుకున్నాను గాని, నాయనకు అప్పుడే అసలు అనుమానం మొదలైంది. కార్డు వాడి ఏడాది కావస్తున్నదనీ, ఏడాది దాటితే రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం తెలియజేసి, ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోతే మూసేస్తారనీ ఆ అబ్బాయి చెప్పగానే, ఆయన ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, "గడువు అన్నాడు, విన్నావా? పేపర్లో రాసింది ఇదే. ముందు గడువంటారు, తరువాత ఖాతా ఊడ్చేస్తారు. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చెయ్యి" అన్నారు.

"ఫోను చేసింది మనమే గదా నాయనా. పైగా అతను ఓటీపీ అడగనే లేదు."

"అడగలేదంటే ఆరితేరినవాడన్న మాట" అన్నారు నాయన.

అయినా పాయింట్ల లెక్క వినాలన్న కుతూహలం ఆయనకూ ఉన్నట్టుంది, చెయ్యి తీసేశారు. ఖాతాలో 412 పాయింట్లున్నాయి, పాయింటుకు పావలా.

"నూట మూడు రూపాయలు" అన్నారు నాయన, అవతల కంప్యూటరు మీట నొక్కకముందే.

"అవును సార్. అయితే పాయింట్లు మార్చుకోవడానికి 99 రూపాయల రుసుము, దానిమీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది సార్."

"నూటపదహారు రూపాయల ఎనభైరెండు పైసలు. అంటే నీ దగ్గర బహుమతి పుచ్చుకున్నందుకు నేను నీకు పదమూడు రూపాయల ఎనభైరెండు పైసలు ఎదురివ్వాలి."

అవతల కొంతసేపు నిశ్శబ్దం. ఇంకా ఖర్చు చేస్తే పాయింట్లు పెరుగుతాయని ఆ అబ్బాయి ధర్మంగా సలహా ఇచ్చాడు. నాయన అతనికి సంక్రాంతి శుభాకాంక్షలు చెప్పి, లెక్కలు బాగా వచ్చినవాడివి బ్యాంకులో కాక బడిలో చేరవలసిందని అభినందించి ఫోను పెట్టేశారు. తరువాత నా వైపు తిరిగి, "ఇప్పటికైనా తెలిసిందా పాత్రల దుకాణం అతని గొప్పతనం?" అన్నారు.

సరిగ్గా ఆ సమయానికి, ఫోనులో గొంతును నమ్మలేక, మంట దగ్గర కొడుకును కాపలా పెట్టి, కౌలుదారు స్వయంగా మోపెడ్ మీద వచ్చి వాకిట్లో దిగాడు. మాస్టారును కళ్లారా చూసి నిర్ధారణ చేసుకుని, అప్పటిదాకా వచ్చిన ఓటీపీలన్నింటినీ వరుసగా చదివి వినిపించాడు. ఒక్కటీ పనికిరాదని తెలిశాక కౌలు సంగతికి వచ్చాడు.

"రెండు వేలు దసరా ముందర అమ్మగారి చేతికే ఇచ్చాను గదండీ. మీరు ఊళ్లో లేరు. కుక్కరు కొనుక్కోవాలి, మాస్టారుకు నేను చెప్పుకుంటాలే అన్నారు."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. నాయన ఒక్క మాటైనా అనలేదు. కళ్లజోడు పెట్టుకుని, శుభలేఖ కవరు ముందుకు జరుపుకుని, ఎర్ర సిరా కలం తీసి, పాత శాసనం కింద ఇట్లా రాశారు: '412 పాయింట్లు. తీసుకొన్నచో నష్టం రూ. 13.82.' కాస్త ఆలోచించి దాని కింద మరొక పంక్తి చేర్చారు: 'కుక్కరు రూ. 2,000. కౌలు బాకీ పదివేలే.'