"ఏమీ అనదండీ" అంటే సరిపోతుందా? ట్రైల్ మీద కుక్కల పంచాయితీ

అమ్మ ఇక్కడికొచ్చిన కొత్తలో, మార్చి నెల అనుకుంటా, శనివారం పొద్దున్నే శాన్ ఫ్రాన్సిస్కోకి అవతలి ఒడ్డున ఉన్న ఈస్ట్ బేలో ఒక కొండ ఎక్కుదామని తీసుకెళ్లాను. వానలు పడి వెలిశాక కాలిఫోర్నియా కొండలు ఎంత పచ్చగా ఉంటాయో చూసినవాళ్లకి తెలుసు, పైన ఆవులు మేస్తున్నాయి, అమ్మ అయితే మన ఊరి చెరువుగట్టు లాగే ఉందిరా అనుకుంటూ స్పోర్ట్స్ షూ మీద చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని హుషారుగానే నడుస్తోంది. ఒక మలుపు తిరిగామో లేదో ఎదురుగా ఒక గోల్డెన్ రిట్రీవర్. మెడకి పట్టీ ఉంది, తాడు లేదు, నాలుక బయటేసుకుని నేరుగా అమ్మ మీదకి పరిగెత్తుకొచ్చింది. దాని వెనకాల ఎక్కడో యాభై అడుగుల దూరంలో ఓనర్, చేతిలో కాఫీ కప్పు, "హీ ఈజ్ ఫ్రెండ్లీ!" అని అరుస్తున్నాడు. అమ్మ వెనక్కి అడుగేసింది, రాయి మీద కాలు జారి చతికిలపడింది. నిజం చెప్పాలంటే ఆ కుక్క ఏమీ అనలేదు, పడిపోయిన మనిషి మొహం నాకాలని చూసింది, అంతే. అమ్మకి మణికట్టు వాచింది, వారంలో తగ్గిపోయింది. కానీ తర్వాత ఉన్న నాలుగు నెలల్లో మళ్లీ కొండ పేరెత్తనివ్వలేదు.

ఇక్కడిదాకా చదివి నేను కుక్కలంటే పడనివాణ్ణి అనుకుంటారేమో, కాదు. నాకూ ఒక కుక్క ఉంది. షెల్టర్ నుంచి తెచ్చుకున్న మిక్స్, ఏ జాతో దానికీ తెలీదు మాకూ తెలీదు, పేరు లడ్డూ. ఆ రోజు ఇంట్లో ఉంది కాబట్టి సరిపోయింది గానీ, అంతకు ముందు నేను కూడా అదే కేక చాలాసార్లు వేశాను. అసలు ఈ మాట మనకేం కొత్త కాదు కదా. గేటు మీద "కుక్క ఉన్నది జాగ్రత్త" అని బోర్డు, లోపల నుంచి ఆయన "రండి రండి, ఏమీ అనదు" అని పిలుపు, మధ్యలో మనం గేటు గడియ మీద చెయ్యేసి కదలకుండా నిలబడటం, ఇది చూడని తెలుగువాడు ఉంటాడా? చాలామంది ఓనర్లు ఈ మాట అనేసి తమ బాధ్యత అయిపోయిందనుకుంటారు. నా వాదన ఏంటంటే, ఆ మాటతో ఎదుటివాడికి తెలిసేది ఏమీ లేదు. కుక్క గురించి మనకున్న నమ్మకాన్ని అవతలివాడు అరసెకనులో అరువు తీసుకోవాలని అడగటం అది. మనం దాన్ని రోజూ చూస్తున్నాం, వాళ్లకి మాత్రం ముప్ఫై కిలోల ఒక జంతువు వేగంగా మీదకి రావడం కనిపిస్తుంది, అంతే.

కాలిఫోర్నియా చట్టం కూడా ఈ విషయంలో ఓనర్ నమ్మకాన్ని లెక్కలోకి తీసుకోదు. ఇక్కడి సివిల్ కోడ్ 3342 ప్రకారం పబ్లిక్ ప్లేస్‌లో కుక్క కరిస్తే నష్టానికి ఓనరే బాధ్యుడు, అది ఇంతకు ముందు ఎవరినీ కరవలేదు, నాకు తెలీదు అన్నది అడ్డం రాదు. అంటే "ఫ్రెండ్లీ" అని ఎంత గట్టిగా అరిచినా పనికిరాదన్నమాట.

ఇంకో మాట. మా అమ్మ భయాన్ని ఆ కాఫీ కప్పు ఆయన వింతగా చూశాడు, ఇంత అతి ఏంటి అన్నట్టు. అమెరికాలో కుక్కల నుంచి కుక్కలకి పాకే రేబిస్ రకం లేకుండా పోయిందని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2007లోనే ప్రకటించింది. మన దగ్గర సంగతి వేరు. ప్రపంచంలో రేబిస్ చావుల్లో 36 శాతం ఇండియాలోనే అని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అని భయపెట్టి పెంచిన తరం మా అమ్మది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాణ్ణి వీధి కుక్కలు చంపేసిన సీసీటీవీ వీడియో ప్రతి తెలుగు ఇంట్లో ఫోన్లలో తిరిగింది. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించాలని సుప్రీంకోర్టు ఆర్డర్ ఇచ్చి, పదకొండు రోజుల్లోనే దాన్ని మార్చాల్సి వచ్చింది, దేశం మొత్తం రెండుగా చీలి కొట్టుకుంది. ఇవన్నీ మోసుకొచ్చిన మనిషి కుక్కని చూడగానే ఒక అడుగు వెనక్కేస్తే అది అతి ఎలా అవుతుంది? ఆయన కళ్లకి కనిపించే కుక్క వేరు, అమ్మ కళ్లకి కనిపించే కుక్క వేరు, ఆ కొండదారి, అదే ట్రైల్, మాత్రం ఇద్దరిదీ.

సరే, రూల్స్ సంగతి చూద్దాం. ఇక్కడ పెద్ద గందరగోళం ఏంటంటే ఒకే ఊళ్లో నాలుగు రకాల రూల్స్. మన కుపర్టినో, లాస్ ఆల్టోస్ వాళ్లంతా వీకెండ్‌కి వాలిపోయే రాంచో సాన్ ఆంటోనియో ప్రిజర్వ్‌లో కుక్కలకి ఎంట్రీనే లేదు, అదే సంస్థ చూసే ఫ్రీమాంట్ ఓల్డర్ అనే ఇంకో ప్రిజర్వ్‌లో లీష్, అంటే కట్టే తాడు, ఉంటే ఓకే. ఈస్ట్ బే రీజినల్ పార్కుల్లో అయితే డెవలప్ చెయ్యని చాలా ప్రాంతాల్లో కుక్క మాట వింటూ కంటికి కనిపిస్తూ ఉంటే లీష్ లేకుండా వదలొచ్చు, కానీ పార్కింగ్ లాట్‌కీ ట్రైల్ మొదలయ్యే చోటుకీ 200 అడుగుల లోపు కట్టాల్సిందే. టామల్‌పయస్ కొండ మీద స్టేట్ పార్క్ ట్రైల్స్‌లో కుక్క నిషేధం, పక్కనే నీళ్లు సరఫరా చేసే వాటర్ డిస్ట్రిక్ట్ భూముల్లో లీష్‌తో రానిస్తారు, మధ్యలో గోడేం ఉండదు. నేషనల్ పార్కుల్లో ఎక్కడ రానిచ్చినా లీష్ ఆరడుగులకి మించకూడదు, చాలా పార్కుల్లో అసలు ట్రైల్ మీదకే రానివ్వరు. యోసెమిటీలో తారు రోడ్లు, సిమెంట్ దారులకే పరిమితం, గ్రాండ్ కాన్యన్‌లో పైన అంచు మీద నడిపించొచ్చు గానీ లోయలోకి దింపకూడదు. అదే మెయిన్ రాష్ట్రంలో అకేడియా నేషనల్ పార్కుకి వెళ్తే దాదాపు వంద మైళ్ల ట్రైల్స్ కుక్కలకి తెరిచే ఉంటాయి. యాప్‌లో "డాగ్ ఫ్రెండ్లీ" అని ఎవరో టిక్ పెట్టారని బయల్దేరితే ఇలాంటివన్నీ తెలియవు, ఆ పార్కు నడిపేవాళ్ల సొంత పేజీ చూసుకోవాలి, రెండు నిమిషాల పని. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టూ ఉన్న గోల్డెన్ గేట్ రిక్రియేషన్ ఏరియాలో అయితే 1979 నుంచి కొన్ని చోట్ల కుక్కల్ని వదలనిస్తున్నారు, దాన్ని కాస్త బిగిద్దామని నేషనల్ పార్క్ సర్వీస్ ఏళ్ల తరబడి కుస్తీ పట్టి, ఓనర్ల గొడవ మధ్యే 2017లో ఆ ప్లాన్‌నే పక్కన పడేసింది. కుక్కల ఓనర్లు రాజకీయంగా ఎంత గట్టివాళ్లో దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

నాకు నచ్చిన పద్ధతి కొలరాడోలో బౌల్డర్ వాళ్లది. అక్కడ సిటీ ఓపెన్ స్పేస్ ట్రైల్స్ కొన్నిటిలో కుక్కని వదలాలంటే "వాయిస్ అండ్ సైట్" (మాట వినాలి, కంటికి కనిపించాలి) అని ఒక ట్యాగ్ కొనుక్కోవాలి, దానికి ముందు ఓనర్ క్లాస్ వినాలి, రేబిస్ టీకా వేయించినట్టు చూపించాలి, ఒక మనిషి ఒకేసారి రెండు కుక్కలకి మించి వదలకూడదు, వదిలినా ప్రతి కుక్కకీ ఒక లీష్ చేతిలో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, పిలిస్తే రావాలి. ఎదురుగా జింక ఉన్నా, ఇంకో కుక్క ఉన్నా, ఎవరిదో శాండ్‌విచ్ ఉన్నా, పిలిచిన వెంటనే వెనక్కి తిరగాలి. ఈ పరీక్ష మనసులో పెట్టుకుని మా లడ్డూని చూసుకుంటే నాకు సిగ్గేసింది. ఇంట్లో పిలిస్తే వస్తుంది, పెరట్లో పిలిస్తే వస్తుంది, కొండ మీద ఉడతని చూసిందంటే నేనెవరో దానికి గుర్తుండదు. అలాంటిదాన్ని వదిలేసి "మాట వింటుందండీ" అని ఇన్నాళ్లూ ఎలా చెప్పానో.

ఇంకో సంగతి కుక్క పెంచనివాళ్లకి తట్టదు. వదిలేసిన కుక్క వల్ల ఎక్కువ ఇబ్బంది పడేది చాలాసార్లు కట్టేసి ఉన్న ఇంకో కుక్క. లీష్ మీదున్నదానికి పారిపోయే దారి లేదు, మీదకి కొత్త కుక్క దూసుకొస్తే మొరగడం, పళ్లు చూపించడం తప్ప ఏం చేస్తుంది? అప్పుడు అందరూ కట్టేసినదాని వైపే వేలు చూపిస్తారు. కొంతమంది లీష్‌కి పసుపు రిబ్బన్ కడతారు, దగ్గరికి రావద్దు, దీనికి కాస్త ఎడం కావాలి అని గుర్తు. పాపం ఆ రిబ్బన్ దూసుకొచ్చే కుక్క చదవలేదు కదా, దాని ఓనరే చదవాలి. ఆవులున్న చోట కూడా అంతే, దూడ పక్కనుంటే తల్లి ఆవు కుక్క మీదకి వచ్చేస్తుంది, అందుకే దూరం నుంచే చుట్టు తిరిగి పోవాలి. లీష్ వదిలెయ్యమని పెద్దలు చెప్పే సందర్భం ఇదొక్కటే అనుకుంటా, ఆవులు తరుముకొస్తే కుక్కని వదిలెయ్యండి, అది తప్పించుకోగలదు మీరు తప్పించుకోలేరు అని బ్రిటన్‌లో అధికారికంగానే చెప్తారు.

ఇప్పుడు అసలు కంపు విషయం. మనవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకాయన అడిగాడు, కొండ నిండా ఆవు పేడ ఉంటే లేనిది మా కుక్క చేసిన చిటికెడు దానికి సంచి ఎందుకండీ అని. ప్రశ్న బానే ఉంది, నేనూ మొదట్లో అదే అనుకున్నాను. కానీ ఆవు ఆ కొండ మీద గడ్డి తిని ఆ కొండ మీదే వేస్తుంది, ఎక్కడి సరుకు అక్కడే తిరుగుతుంది. మన కుక్క తినేది కాస్ట్‌కోలో కొన్న మూట, చికెనూ చేపపొడీ దట్టించిన మేత. ఆ పోషకాలన్నీ కార్లో ఎక్కించుకొచ్చి కొండ మీద దింపుతున్నాం అన్నమాట. బెల్జియంలో ఘెంట్ దగ్గరి నేచర్ రిజర్వుల్లో లెక్కగట్టి 2022లో ఒక స్టడీ వేశారు, కుక్కల వల్ల ఏడాదికి హెక్టారుకి 11 కిలోల నైట్రోజన్, 5 కిలోల ఫాస్ఫరస్ నేలకి చేరుతోందట. ఎరువు మంచిదే కదా అంటారేమో, అది మన పొలానికి. ఇలాంటి చోట సారం పెరిగితే బలిసేది కొన్ని రకాల మొక్కలే, అవి మిగతావాటిని తొక్కేస్తాయి. ఓనర్లందరూ ఎత్తేస్తే ఫాస్ఫరస్ 97 శాతం, నైట్రోజన్ 56 శాతం తగ్గుతుందని అదే స్టడీ చెప్పింది. మిగిలిన నైట్రోజన్ ఉచ్చలో పోతుంది, దానికి మాత్రం సంచి కట్టలేం. ఇది కాక నులిపురుగుల గుడ్లు, జియార్డియా లాంటి పేగుల పరాన్నజీవులు వానకి కొట్టుకుపోయి వాగులో కలవడం ఒకటి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పెంపుడు జంతువుల మలాన్ని నీటి కాలుష్యం పద్దులోనే రాస్తుంది.

దీనికంటే నాకు మండేది సంచిలో కట్టి దారి పక్కన పెట్టేసి పోవడం. తిరిగొచ్చేటప్పుడు తీసుకుంటాం అంటారు. కొందరు నిజంగానే తీసుకుంటారు, కాదనను, కానీ వేరే దారిలో దిగిపోయేవాళ్ల సంగతి? ఎత్తకుండా వదిలేస్తే ఏదో నాటికి మట్టిలో కలిసేది, ప్లాస్టిక్‌లో కట్టి వదిలితే ఆ రెండూ అక్కడే ఉంటాయి. కొంతమంది చెట్టు కొమ్మకి వేలాడదీస్తారు కూడా, ముడుపు కట్టినట్టు. వాసన రాకుండా మూత బిగుసుకునే ఒక ప్లాస్టిక్ డబ్బా కొని బ్యాగుకి బయట తగిలించుకున్నాను, అప్పటి నుంచి నాకు ఈ సమస్యే లేదు.

లీష్ కట్టాం, సంచి ఎత్తాం, ఇంక మనకి ఎదురేముంది అనుకునేవాళ్లకి ఒక చేదు లెక్క. సిడ్నీ దగ్గరి అడవుల్లో చేసిన స్టడీ ఒకటి 2007లో వచ్చింది, కుక్కల్ని లీష్ మీదే నడిపించినా ఆ దారుల్లో పక్షుల రకాలు 35 శాతం, పక్షుల సంఖ్య 41 శాతం తక్కువ కనిపించాయి. కుక్క మొరగక్కర్లేదు, తరమక్కర్లేదు, ఉంటే చాలు. రాంచోలో కుక్కకి ఎంట్రీ లేదని మొదట్లో నేను చాలా గునిసినవాణ్ణే, ట్యాక్స్ కట్టట్లేదా నేను అని. ఇది చదివాక నోరు మూసుకున్నాను. కొన్ని కొండలు కుక్క లేకుండా ఉండాలి, అంతే.

మిగతావి మామూలు మర్యాదలే. గుర్రం ఎదురైతే కుక్కతో పాటు దారి దిగి, కొండ వాలుకి కింది వైపు నిలబడి, దాన్ని కూర్చోబెట్టి, రౌతుతో మామూలు గొంతుతో రెండు మాటలు మాట్లాడితే గుర్రానికి మనం మనుషులమని తెలుస్తుంది. సైకిల్ వాళ్లు రూల్ ప్రకారం అందరికీ దారి ఇవ్వాలి గానీ లీష్ దారికి అడ్డంగా సాగి ఉంటే ఆ రూల్ ఏం కాపాడుతుంది. ఇరుకు దారిలో ఎవరొచ్చినా లీష్ పొట్టి చేసి కుక్కని మన అవతలి వైపుకి తిప్పుకోవాలి, అంటే కుక్కకీ వాళ్లకీ మధ్యలో మనం ఉండాలి. చుట్టుకుపోతూ సాగిపోయే ఆ రీలు లీష్‌లు ట్రైల్ మీద వద్దు.

కుక్క లేనివాళ్లకి కూడా ఒకటి రెండు చెప్పాలి, ముఖ్యంగా మనవాళ్లకి. కుక్కని చూడగానే కెవ్వుమని పరిగెత్తొద్దు, పరిగెత్తేదాన్ని తరమడం వాటికి ఆట. రాయి తీసినట్టు వంగడం మన ఊళ్లో పనిచేసేది, ఇక్కడ ఓనర్‌తో గొడవకి దారి తీస్తుంది. ఆగి, చేతులు కిందకి పెట్టుకుని, "ప్లీజ్ లీష్ యువర్ డాగ్" అని ఒక్కసారి అంటే చాలు, భయమని ఒప్పుకోవడంలో నామోషీ ఏం లేదు. పిల్లలు ముట్టుకుంటామంటే ముందు ఓనర్ని అడగాలి, ఆయన వద్దంటే మొహం మాడ్చుకోకూడదు. బ్యాగులో ఉన్న జంతికలు పెట్టకండి, ద్రాక్ష అసలే పెట్టకండి, కుక్కలకి కిడ్నీలు పోతాయి. పదిమంది అడ్డంగా నడుస్తూ బ్లూటూత్ స్పీకర్‌లో పాటలు పెట్టుకునే మన బ్యాచ్‌ని చూసి లడ్డూయే ఒకసారి పక్కకి తప్పుకుంది.

ఆ కొండకి నేను ఇప్పుడు కూడా వెళ్తాను, లడ్డూతోనే, కాకపోతే శనివారం పొద్దున్న కాదు, వారం మధ్యలో సాయంత్రం జనం పల్చగా ఉన్నప్పుడు, ఆరడుగుల లీష్ మీద. అమ్మ పడిన మలుపు దగ్గరికి రాగానే లీష్‌ని ఇంకో చుట్టు చేతికి చుట్టుకుంటాను, అవతల ఎవరొస్తున్నారో ఇటు నుంచి కనపడదు.