ఆ అమ్మాయి ఏ లింకూ నొక్కలేదు

పోయిన ఆదివారం తిరుపతి గాంధీ రోడ్డులో ఒక బట్టల షాపుకి వెళ్తే, బిల్లింగ్ కౌంటర్‌లో ఆ అమ్మాయి కూర్చుని ఉంది. నన్ను చూసి "బాగుండారా సార్?" అని మామూలుగానే పలకరించింది. నాకే మాట రాలేదు. రెండేళ్ల క్రితం చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇద్దరం పనిచేశాం. నేను కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి, తను కాటా దగ్గర డేటా ఎంట్రీ. ఫ్యాక్టరీ కంప్యూటర్ల మీద దాడి జరిగినప్పుడు చెయ్యని తప్పుకి మాటలు పడి, ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

జూన్ నెలలో మా పల్ప్ ఫ్యాక్టరీలు ఎలా ఉంటాయో చిత్తూరు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. గేటు బయట తోతాపురి లోడ్లతో ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉంటాయి. కాయ మెత్తబడిపోతుందని రైతులకి టెన్షన్. బండి కాటా ఎక్కిన దగ్గర్నుంచి రైతు ఖాతాలో డబ్బు పడేదాకా అంతా ఒకే సాఫ్ట్‌వేర్‌లో నడుస్తుంది. తూకం, తరుగు, రేటు, స్టాకు, జీఎస్టీ, ఎగుమతి కాగితాలు, అన్నీ అందులోనే.

ఒకరోజు పొద్దున వచ్చేసరికి ఏ స్క్రీనూ తెరుచుకోలేదు. ఫైళ్ల పేర్లన్నీ మారిపోయి ఉన్నాయి. డబ్బు కడితేనే తిరిగిస్తామని ఒక నోటు. బ్యాకప్ ఉంది కదా అని చూస్తే, అది అదే సర్వర్‌లో ఇంకో డ్రైవ్‌లో ఉంది, అదీ పోయింది. అకౌంటెంట్ సొరుగులో ఏప్రిల్ నాటి హార్డ్ డిస్క్ ఒక్కటి దొరికింది. మిగతాదంతా కాటా చీటీల కార్బన్ కాపీలు చూసి మళ్లీ ఎక్కించాం. 11 రోజులు పట్టింది. అన్ని రోజులూ రైతులు గేటు దగ్గరికొచ్చి "మా దుడ్డు ఎప్పుడిస్తారు సామీ" అని అడుగుతూనే ఉన్నారు. ఎరువుల షాపుకి బాకీ కట్టాల్సినవాళ్ళు, కూతురి కాలేజీ ఫీజు కట్టాల్సినవాళ్ళు.

మొదటి రోజు మధ్యాహ్నానికే తప్పెవరిదో ఆఫీసులో నిర్ణయం అయిపోయింది. "మీవాళ్ళెవరో మెయిల్‌లో లింకు నొక్కి ఉంటారు" అని సాఫ్ట్‌వేర్ పెట్టినవాళ్ళ మనిషి ఫోన్‌లో అన్నాడు. అంతే, అందరి కళ్ళూ ఆ అమ్మాయి మీద పడ్డాయి. అందరికంటే చిన్నది, కొత్తగా చేరింది, ఎదురు మాట్లాడదు. "ఏం నొక్కినావు, నిజం చెప్పు" అని ముగ్గురు పెద్దవాళ్ళు నిలబెట్టి అడిగారు. "నేనేమీ నొక్కలేదు సార్" అని నాలుగుసార్లు చెప్పింది. మరుసటి రోజు నుంచి రాలేదు. నేను అక్కడే ఉన్నాను. గట్టిగా అడ్డుపడలేదు.

వారం తర్వాత రౌటర్‌లోనూ, పాత సర్వర్ డిస్క్‌లోనూ మిగిలిన లాగ్‌లు, అంటే ఎప్పుడు ఏం జరిగిందో యంత్రం రాసుకునే చిట్టాలు, వరసగా చదివాను. రాత్రి 2 గంటల 17 నిమిషాలకి బయటి నుంచి ఒక రిక్వెస్టు. అది లాగిన్ పేజీకి రాలేదు. లోపల ఉన్న ఇంకో అడ్రసుకి నేరుగా వచ్చింది. యూజర్‌నేమ్ లేదు, పాస్‌వర్డ్ లేదు. సర్వర్ దాన్ని అడగనూ లేదు. ఆ తర్వాత ఒక చిన్న ఫైలు లోపలికి చేరింది, దాని ద్వారా మిగతాదంతా జరిగింది. ఆ అమ్మాయి కంప్యూటర్ ముందు రోజు సాయంత్రం ఏడున్నరకే ఆపేసి ఉంది.

ఈ రకం లోపం ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. ఇంత పెద్ద సాఫ్ట్‌వేర్‌లో మనకి కనిపించేది లాగిన్ పేజీ ఒక్కటే. లోపల వందల అడ్రసులుంటాయి: రిపోర్టు తీసేది ఒకటి, ఫైలు ఎక్కించేది ఒకటి, ఇంకో సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడేది ఒకటి. ప్రతి అడ్రసూ వచ్చినవాళ్ళెవరో సరిచూసుకున్నాకే పని చెయ్యాలి. రాసినవాళ్ళు ఒక్కచోట ఆ తనిఖీ మర్చిపోయినా చాలు, ప్రపంచంలో ఏ మూల నుంచైనా లోపలికి రావచ్చు. మన పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా అక్కడ దాని ప్రమేయమే ఉండదు. ఉద్యోగి జాగ్రత్తకీ ఉండదు.

మా ఊరి ఫ్యాక్టరీకి పెట్టిన సాఫ్ట్‌వేర్ కాబట్టి ఇలా జరిగిందనుకోకండి. 2025 ఏప్రిల్‌లో, పెద్ద పెద్ద కంపెనీలు వాడే శాప్ నెట్‌వీవర్ సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటిదే బయటపడింది. విజువల్ కంపోజర్ అనే భాగంలో ఫైలు ఎక్కించే ఒక అడ్రసు, పంపేదెవరో చూడకుండానే ఫైలు తీసుకునేది. తీవ్రత పదికి పది. ఏప్రిల్ 24న శాప్ అత్యవసరంగా ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది, కానీ అప్పటికే దొంగలు దాన్ని వాడుతున్నారు. అదే ఏడాది అక్టోబర్ 4న ఒరాకిల్ కంపెనీ, వ్యాపారాల లెక్కలు నడిపే తన ఈ-బిజినెస్ సూట్ సాఫ్ట్‌వేర్ గురించి హెచ్చరిక ఇచ్చింది. 12.2.3 నుంచి 12.2.14 దాకా వెర్షన్లు, తీవ్రత 9.8, పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఆగస్టు నుంచే డేటా ఎత్తుకుపోతున్నారని తర్వాత తేలింది. సెప్టెంబర్ చివర్లో కంపెనీల పెద్దలకి బెదిరింపు మెయిళ్లు వచ్చాకే చాలామందికి సంగతి తెలిసింది. వీటిల్లో ఎక్కడా ఎవరూ లింకు నొక్కాల్సిన పనే లేదు.

అయినా చివరికి ఒక మనిషి కోసం వెతుకుతారు. అమెరికాలో జనాల అప్పుల వివరాలు దాచే ఈక్విఫాక్స్ కంపెనీ సంగతి చూడండి. వాళ్ళ వెబ్‌సైట్ వెనకున్న అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో లోపానికి 2017 మార్చిలోనే ప్యాచ్ వచ్చింది. వాళ్ళు వెయ్యలేదు. మే నెలలో దొంగలు లోపలికొచ్చారు, సుమారు 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయాయి. అక్టోబర్‌లో అమెరికా కాంగ్రెస్ ముందు మాజీ సీఈఓ, ప్యాచ్ వెయ్యాలన్న మాటని ఒక ఉద్యోగి చేరవెయ్యలేదని చెప్పాడు. అంత పెద్ద కంపెనీ భద్రత ఒక్క మనిషి మెయిల్ మీద ఆధారపడి ఉంటే, అలా పెట్టింది ఎవరు? ఆ వార్త చదివినప్పుడల్లా నాకు మా కాటా గది గుర్తొస్తుంది.

మా ఫ్యాక్టరీలో జరిగిందీ చెబుతాను. ఓనర్ ఎక్కడున్నా ఫోన్‌లో స్టాకు చూసుకోవాలని అడిగితే, సాఫ్ట్‌వేర్ వాళ్ళ మనిషి వచ్చి రౌటర్‌లో పోర్ట్, అంటే బయటి నుంచి సర్వర్‌కి దారి, తెరిచి వెళ్లాడు. పది నిమిషాల పని. ఆ రోజు నుంచి మొత్తం సర్వర్ ఇంటర్నెట్‌కి ఎదురుగా ఉంది. ఆ లోపానికి ప్యాచ్ మే నెలలోనే వచ్చింది. వెయ్యడానికి రెండు గంటలు సర్వర్ ఆపాలని నేను అడిగాను. "సీజన్ అయినాక చూద్దాంలే" అన్నారు. ఏఎంసీలో (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందంలో) ప్యాచ్ వెయ్యడం లేదని, దానికి వేరే చార్జ్ అని సాఫ్ట్‌వేర్ వాళ్ళన్నారు. రెండో మాట అడగకుండా నేనూ ఊరుకున్నాను. దాడికి కారణాలు ఇవి. ఇందులో ఆ అమ్మాయి చేసిందేదీ లేదు.

సీజన్‌లో రెండు గంటలు ఆపడం కష్టమని నాకు తెలుసు. బయట ఎండలో అన్ని బండ్లుంటే ఆపమనడానికి నాకే నోరు రాదు. కానీ మధ్యరాత్రి షిఫ్టు మారేటప్పుడు ఆపొచ్చు. అదీ కుదరకపోతే, ప్యాచ్ వేసేదాకా ఆ పోర్ట్ మూసి ఉంచొచ్చు. దానికి సర్వర్ ఆపక్కర్లేదు, ఖర్చు లేదు. ఫోన్‌లో చూడాలంటే వీపీఎన్ (మనవాళ్ళకి మాత్రమే తెరుచుకునే దారి) ద్వారా చూడొచ్చు. ఓనర్‌కి ఇంకో యాప్ తెరవాల్సి వస్తుంది, అంతే.

కొత్త విషయం కూడా కాదిది. 2017 మేలో, ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళంతో పాటు మన చిత్తూరు జిల్లా పోలీసు కంప్యూటర్లకీ అది తగిలింది. అప్పుడు తిరుపతి కూడా చిత్తూరు జిల్లానే. దానికీ ఎవరూ ఏదీ నొక్కనక్కర్లేదు, నెట్‌వర్క్ మీదుగా తనంతట తనే పాకింది. మైక్రోసాఫ్ట్ ప్యాచ్ రెండు నెలల ముందు, మార్చి 14నే ఇచ్చింది.

"లింకులు నొక్కకండి" అనే పోస్టర్లు ఉండాలి, నేను కాదనను. మోసపు మెయిళ్లూ వస్తూనే ఉంటాయి. కానీ ప్రతి దాడికీ అదే కారణమని ముందే అనేసుకుంటే ఎవరూ లాగ్ తెరిచి చూడరు. మా దగ్గర వారం దాకా చూడలేదు. ఆ వారమంతా ఆ పోర్ట్ తెరిచే ఉంది! కొత్తగా ఎక్కించిన డేటా కూడా మళ్లీ పోయి ఉండేది.

సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి దాడి గమనించిన 6 గంటల్లో వాళ్ళకి తెలియజెయ్యాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. పరువు పోతుందని మావాళ్ళు ఎవరికీ చెప్పొద్దన్నారు. ఆ అమ్మాయి పరువు గురించి మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

శ్రీసిటీలో, రేణిగుంటలో, గాజులమండ్యంలో, చిత్తూరు పల్ప్ ఫ్యాక్టరీల్లో, డెయిరీల్లో కంప్యూటర్లు చూసే నాలాంటి వాళ్ళు ఇది చదువుతుంటే ఒక్క పని చెయ్యండి. ఆఫీసు వైఫై వదిలేసి, మీ ఫోన్ డేటాతో మీ సాఫ్ట్‌వేర్ అడ్రసు తెరవండి. లాగిన్ పేజీ వస్తే, మీ సర్వర్ అందరికీ కనిపిస్తున్నట్టే. చివరి ప్యాచ్ ఏ తేదీన వేశారో సాఫ్ట్‌వేర్ వాళ్ళని మెయిల్‌లో అడగండి, జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకోండి. రేపు ఎవరినైనా నిలబెట్టి అడిగే రోజు వస్తే ఆ కాగితం పనికొస్తుంది.

ఆదివారం ఆ కౌంటర్ దగ్గర నిలబడి, లాగ్‌లో చూసినదంతా ఆ అమ్మాయికి చెప్పాను. 2 గంటల 17 నిమిషాలని కూడా చెప్పాను. నా బిల్లు కొడుతూనే వింది. కవర్ చేతికిచ్చి, "ఈ మాట అక్కడ చెప్పినారా సార్?" అని అడిగింది.

అప్పట్లో చెప్పలేదు. ఆ ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో నేనింకా ఉన్నాను. ఇది ఇక్కడ పెట్టగానే అక్కడా పెడుతున్నాను.