బెర్సీ జంపఖానాను ఎవరు చుట్టేశారు?

పారిస్ మాస్టర్స్ టెన్నిస్ టోర్నీ 2025లో పారిస్‌లోని బెర్సీ హాలు వదిలి శివారు నాంటెర్‌లోని లా డిఫాన్స్ అరీనాకు మారినప్పుడు చర్చంతా సీట్ల చుట్టూనే తిరిగింది. పాత హాలు ఇరుకు, కొత్తచోట సెంటర్ కోర్టు దగ్గరే 17,500 మంది పడతారు, ఇంకేం కావాలి అన్నారు. నిజమే. కానీ ఈ టోర్నీకి అసలు దెబ్బ తగిలింది 2025లో కాదు, 2007లో. ఆ ఏడాదే కార్పెట్ ఎత్తేసి హార్డ్ కోర్టు, అంటే గట్టి నేల, వేశారు. హాలు మారితే అడ్రస్ మారుతుంది. కింద పరిచింది మారితే ఆటే మారిపోతుంది.

కార్పెట్ కోర్టు చూడని తరానికి చెప్పాలంటే, అదొక జంపఖానా. పెళ్లి పందిట్లో పరిచినట్టే చుట్టలుగా తెచ్చి, విప్పి, పరిచేవారు. దానిమీద పడ్డ బంతి పైకి లేవదు, సర్రున జారుతుంది. స్లైస్ చేస్తే, అంటే బంతి అడుగున కోసినట్టు కొడితే, మోకాలి కిందికే వస్తుంది. కోర్టు చివరి గీత బేస్‌లైన్‌కి రెండు గజాలు వెనక నిలబడి, తీరిగ్గా రాకెట్ వెనక్కి లాగి కొడదామనుకునే వాడికి ఆ టైమే దొరకదు. బంతి లేచేలోపే తీయాలి, లేదా నెట్ దగ్గరికి ఉరకాలి. రెండూ రాకపోతే బ్యాగు సర్దుకోవాలి.

1986లో బెర్సీలో మొదటి టైటిల్ బోరిస్ బెకర్‌ది. అక్కడి నుంచి 2006 వరకు 21 ఏళ్లలో 15 మంది ఛాంపియన్లు. బెకర్, సాఫిన్ మూడేసి సార్లు గెలిచారు. ఎడ్బర్గ్, ఇవానిసెవిచ్, సంప్రాస్ అంటే సరే, సర్వీసు, వాలీల (బంతి నేల తాకకముందే కొట్టే దెబ్బల) వాళ్లు. మరి బేస్‌లైన్ దగ్గరే ఆడే అగస్సీ రెండుసార్లు ఎలా గెలిచాడు? కార్పెట్ మీద సర్వీసు తప్ప ఇంకేం నడవదనే వాళ్లు ఈ పేరు దగ్గరికి రాగానే మాట మార్చేస్తారు.

నాకు మాత్రం బెర్సీ అంటే 2003లో టిమ్ హెన్‌మన్. ఆరు గ్రాండ్‌స్లామ్ సెమీస్ ఆడి ఒక్క ఫైనల్ కూడా చూడని మనిషి. బ్రిటిష్ పత్రికలకు ప్రతి జులైలో ఏడవడానికి ఒక సాకు. ఆ వారం అతను క్వార్టర్స్‌లో ఆ ఏటి వింబుల్డన్ విజేత ఫెదరర్‌ని, సెమీస్‌లో ఆ ఏటి యూఎస్ ఓపెన్ విజేత రాడిక్‌ని, ఫైనల్లో ఆండ్రీ పావెల్‌ని ఓడించాడు. అతని దగ్గర రాడిక్ లాంటి సర్వీసు లేదు, ఫెదరర్ లాంటి ఫోర్‌హ్యాండ్ లేదు. ఉన్నదల్లా మెత్తటి చెయ్యి. కోర్టుకు ముందుకొచ్చి బంతిని అటు తాకించి చంపే నేర్పు. ఆ నేర్పుకు విలువ కట్టే నేల ఒకటి కాళ్ల కింద ఉంది కాబట్టి కెరీర్‌లో అతి పెద్ద టైటిల్ దక్కింది.

ఎదుటి వాదన కూడా వినాలి. కార్పెట్ పోయాక ఏం మునిగింది, 2007 నుంచి 2025 వరకు 19 ఏళ్లలో 13 మంది గెలిచారు కదా అంటారు. ఫెరర్, సాక్, ఖచనోవ్, రూన్ లాంటి పేర్లూ ఉన్నాయి. కాదనను. జొకోవిచ్ ఒక్కడే ఏడు పట్టుకుపోయినా ఇంత వైవిధ్యం మిగిలింది. అయితే పేర్లు లెక్కపెట్టడం వేరు, ఆటలు లెక్కపెట్టడం వేరు. ఆ 13 మందిలో నెట్ మీదే బతికినవాడు ఒక్కడున్నాడా? సీజన్ చివర కాబట్టి పెద్దవాళ్లు అలసిపోతారు, కొత్తవాడు గెలుస్తాడు. అది క్యాలెండర్ చలవ, కోర్టుది కాదు.

అసలు ఇండోర్ అంటే ఏమిటి? ఎండ లేదు, గాలి లేదు, వాన లేదు, సాయంత్రం మంచు లేదు. మెల్‌బోర్న్‌లో సెగ, ఇండియన్ వెల్స్‌లో ఎడారి గాలి ఆటను అటూ ఇటూ తిప్పుతాయి. కప్పు కింద తిప్పడానికి మిగిలేది నేల ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ అన్ని ఊళ్లలాగే చేసేశాక కప్పు వేసి ఏం లాభం? చలి తగలకుండా కూర్చోవడానికి తప్ప.

ఇది బెర్సీతో ఆగిన జబ్బు కాదు. 2001లో వింబుల్డన్ గడ్డి రకం మార్చింది, అక్కడా బంతి ఎక్కువ లేవడం మొదలైంది. 2009 నుంచి పురుషుల టెన్నిస్ నడిపే ఏటీపీ పెద్ద టూర్‌లో కార్పెట్ అసలే లేదు. గ్రాండ్‌స్లామ్‌ల తర్వాతి స్థాయి అయిన తొమ్మిది మాస్టర్స్ టోర్నీల్లో ఆరు హార్డ్, మూడు మట్టి. 2025లో ఫెదరర్ కుండబద్దలు కొట్టాడు, నేటి అగ్ర ఆటగాళ్లు సిన్నర్, అల్కరాజ్ ఫైనల్‌కి చేరడం నిర్వాహకులకు కావాలి కాబట్టే కోర్టులు నెమ్మదిస్తున్నాయన్నట్టు మాట్లాడాడు. అన్నది ఎవరి పాడ్‌కాస్ట్‌లో? రాడిక్ పాడ్‌కాస్ట్‌లో. హెన్‌మన్ చేతిలో దెబ్బతిన్న ఆ ఇద్దరి మధ్యే ఇప్పుడు ఈ మాట నడిచింది!

స్టార్ ఓడిపోకూడదు, అందుకని నేలను చదును చెయ్యి. మన క్రికెట్‌కీ ఇదే గతి పట్టింది. 2024లో బెంగళూరులో సన్‌రైజర్స్ 287 కొడితే లేచి గంతులేశాం, 2025లో ఉప్పల్‌లో 286 కొడితే ఆవలించాం. బౌలర్ అనేవాడు ఉన్నాడని అప్పుడప్పుడు వైడ్ వేసినప్పుడే గుర్తొస్తోంది. టికెట్టు అమ్మేవాడికి ఫోర్లు, సిక్సర్లు కావాలి, టీవీవాడికి తెలిసిన మొహాలు కావాలి. పిచ్ క్యురేటర్, కోర్టు వేసేవాడు ఇప్పుడు వాళ్ల కింద గుమాస్తాలు.

మన డబుల్స్ వాళ్లకు పారిస్ అచ్చొచ్చిన ఊరు. కార్పెట్ రోజుల్లో, 1998లో పేస్, భూపతి గెలిచారు. 2011లో పాకిస్తాన్ ఆటగాడు ఖురేషీతో, 2012లో భూపతితో కలిసి బోపన్న గెలిచాడు. నెట్ దగ్గరి పనితనం ఇప్పుడు డబుల్స్‌లోనే తలదాచుకుంటోంది.

కొత్త అరీనాలో మొదటి టైటిల్ సిన్నర్‌ది. వారమంతా ఒక్క సెట్ కూడా పోగొట్టుకోలేదు. అద్భుతంగా ఆడాడు, కాదనేవాడు గుడ్డివాడు. ఆ మనిషిని ఒక్క వారం కార్పెట్ మీద, మోకాలి కిందికి జారే స్లైస్ ముందు నిలబెట్టి చూడాలని నా కోరిక. బహుశా అక్కడా అతనే గెలుస్తాడు. కానీ ముందు ఆ చుట్టలు విప్పాలి కదా.