27వ ఔట్ మన బ్యాటర్‌దైతే

వేసవి వస్తే మన తెలుగు కుటుంబాలు ముప్పై నలభై టికెట్లు కలిపి కొని, పిల్లాపాపలతో బేస్‌బాల్ ఆటకు వెళ్లడం ఇప్పుడు మామూలైపోయింది. ఆర్లింగ్టన్‌లో రేంజర్స్, హ్యూస్టన్‌లో ఆస్ట్రోస్, అట్లాంటాలో బ్రేవ్స్, శాన్‌ఫ్రాన్సిస్కోలో జెయింట్స్: ఏ ఊళ్లో స్థిరపడితే ఆ జట్టే మనది. గెలిచిన రోజు ఎలా ఉండాలో ఎవరూ నేర్పక్కర్లేదు. ఎదుటి జట్టు వాడు మన మైదానంలో, మన కళ్లముందు చరిత్రకు దగ్గరపడిన రోజునే చిక్కు. చప్పట్లు కొట్టాలా, గోల చేయాలా, నోరు మూసుకోవాలా తెలియక కొందరు ఫోన్లలో తలదూరుస్తారు. ఇంకొందరు పార్కింగ్ రద్దీ తప్పించుకుందామని ఏడో ఇన్నింగ్స్‌లోనే లేచిపోతారు.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. ఆఖరి ఔట్ దాకా అతని ఘనత చెడిపోవాలనే కోరుకోండి. మన జట్టు అభిమానులుగా అది మన పని. అయితే అది మన బ్యాటర్ కొట్టిన దెబ్బతో చెడాలి గానీ అడ్డదారిలో కాదు. చెడకుండా పూర్తయిందా, ఆ క్షణంలోనే లేచి నిలబడండి.

ముందు అసలు ఏం జరుగుతోందో పసిగట్టాలి. పిచర్, అంటే బంతి వేసేవాడు, ఒక్క హిట్ (బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరడం) కూడా ఇవ్వకుండా ఆట ముగిస్తే నో-హిట్టర్. హిట్టే కాదు, వాక్ (నాలుగు తప్పు బంతులకు ఊరికే దొరికే బేస్) గానీ, ఒంటికి బంతి తగలడం గానీ, ఫీల్డర్ల తప్పిదం గానీ లేకుండా, తొమ్మిది ఇన్నింగ్స్‌లో, ఇన్నింగ్స్‌కు ముగ్గురి చొప్పున వచ్చిన 27 మందినీ వచ్చినట్టే వెనక్కి పంపితే పర్ఫెక్ట్ గేమ్. మేజర్ లీగుల్లో నో-హిట్టర్లు మూడు వందలు దాటాయి. పర్ఫెక్ట్ గేమ్‌లు 2025 సీజన్ ముగిసేసరికి 24 మాత్రమే. ఒకే ఆటలో ఒకే బ్యాటర్ నాలుగు హోమ్ రన్‌లు కొట్టడం అంతకన్నా అరుదు, అప్పటికి 21 సార్లే జరిగింది.

స్కోర్‌బోర్డు మీద రన్‌లు, హిట్లు, ఎర్రర్లు అని మూడు గళ్లుంటాయి. మన జట్టు వరుసలో హిట్ల కింద సున్నా ఉంటే నో-హిట్టర్ నడుస్తున్నట్టే. కానీ వాక్‌లు ఆ మూడు గళ్లలో కనపడవు కాబట్టి అది పర్ఫెక్టో కాదో బోర్డు చూసి చెప్పలేం. దానికో లెక్క ఉంది. పర్ఫెక్ట్ గేమ్‌లో ఇన్నింగ్స్‌కు సరిగ్గా ముగ్గురే వస్తారు. అందుకని 1, 4, 7 ఇన్నింగ్స్ మూడింటినీ మొదలుపెట్టేది మన వరుసలోని మొదటి బ్యాటరే. 27వ మనిషి ఎప్పుడూ తొమ్మిదో స్థానం వాడో, అతని బదులు వచ్చిన పించ్ హిట్టరో. ఏడో ఇన్నింగ్స్‌ను మొదటి బ్యాటర్ మొదలుపెట్టి, అప్పటిదాకా మనవాడు ఒక్కడూ బేస్ ఎక్కలేదని రూఢి అయితే ఇక కుర్చీ వదలకండి. డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు ఔటవడం) పడినా లెక్క ఇలాగే సరిపోవచ్చు కాబట్టి ఆ రెండో సంగతి మాత్రం తప్పక చూసుకోవాలి.

ఇందుకే పిల్లలకు స్కోర్‌కార్డు రాయడం నేర్పమంటాను. పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ 4, థర్డ్ 5, షార్ట్‌స్టాప్ 6, అవుట్‌ఫీల్డ్ ఎడమ నుంచి కుడికి 7, 8, 9. షార్ట్‌స్టాప్ బంతి అందుకుని ఫస్ట్ బేస్‌కు విసిరితే 6-3. సెంటర్ ఫీల్డర్ గాల్లో పట్టుకుంటే ఎఫ్8. మూడు స్ట్రైకులకు ఔటయితే, అంటే స్ట్రైకవుట్ అయితే కె, బ్యాటు ఊపకుండా చూస్తూ నిలబడిపోతే అదే కె తిరగేసి. పదేళ్ల పిల్ల రెండు ఇన్నింగ్స్‌లలో పట్టేస్తుంది.

కుర్చీ వదలొద్దన్నాను గానీ అన్ని గంటలు కూర్చోవడం పిల్లలకు కష్టం. ఇక్కడ అతిథి పిచర్ కాబట్టి మనకో వెసులుబాటు. అతను బంతి వేసేది మన జట్టు బ్యాటింగ్ చేసేటప్పుడే, అంటే ఇన్నింగ్స్ రెండో సగంలోనే. బాత్రూమ్‌కైనా, నాచోస్‌కైనా మొదటి సగంలో, మన పిచర్ వేస్తున్నప్పుడు వెళ్లి రండి. మన బ్యాటింగ్ మొదలయ్యాక లేస్తే తిరిగొచ్చే సందుండదు. బేస్‌లు ఖాళీగా ఉంటే పిచ్ క్లాక్, అంటే బంతి వేయడానికి పిచర్‌కిచ్చే గడువు, 15 సెకన్లే, పర్ఫెక్ట్ గేమ్‌లో బేస్‌లు ఎప్పుడూ ఖాళీయే. చాలా మైదానాల్లో బ్యాటర్ వంతు ముగిసేదాకా మెట్ల పైనే ఆపేస్తారు, ఆపకపోయినా ఆగండి. పిచ్ వేసే వేళ వరుసలో పదిమందిని లేపి దాటుకుంటూ వెళ్తే ఆ పదిమందికీ ఆ బంతి పోయినట్టే.

ఇక నోటి సంగతి. నో-హిట్టర్ నడుస్తుండగా ఆ మాట పైకి అంటే చెడిపోతుందని అమెరికన్ల నమ్మకం. మన దిష్టి లాంటిదే. డగౌట్‌లో, అంటే ఆటగాళ్లు కూర్చునే చోట, సాటి ఆటగాళ్లు ఆ పిచర్ పక్కన కూర్చోరు, పలకరించరు. 1947 వరల్డ్ సిరీస్ నాలుగో ఆటలో యాంకీస్ పిచర్ బిల్ బెవెన్స్ 26 ఔట్ల దాకా హిట్ ఇవ్వలేదు. రేడియోలో వ్యాఖ్యాత రెడ్ బార్బర్ ఆ సంగతి దాచకుండా చెప్పాడు. డాడ్జర్స్ బ్యాటర్ కుకీ లావజెటో డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్) కొట్టడంతో నో-హిట్టరూ పోయింది, ఆటా 3-2తో డాడ్జర్స్ పరమైంది. తిట్లు మాత్రం బార్బర్ తిన్నాడు. ఈ మౌనం పిచర్ సొంత జట్టుకూ, దాని అభిమానులకూ చెందిన కట్టుబాటు. ఎదుటి పక్షం వాళ్లం మనం ఆ మాట అనుకోవచ్చు, పక్కనున్న పిల్లలకు చెప్పి తీరాలి కూడా, లేకపోతే తాము చూస్తున్నదేమిటో వాళ్లకు తెలియకుండానే పోతుంది. మన వరుసలో అతిథి జట్టు టోపీ పెట్టుకున్న ముసలాయన గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంటే ఆయన చెవిలో అరిచి చెప్పడం మాత్రం తప్పు.

గోల చేయడంలో తప్పేమీ లేదు. మన బ్యాటర్ పేరు పిలవండి, చప్పట్లు చరచండి. లేజర్ లైటు వేయడం, పిచ్ క్లాక్‌ను కావాలని తప్పుగా లెక్కపెడుతూ అరవడం, పిచర్ ఇంట్లోవాళ్ల మీద మాటలు విసరడం అభిమానం కిందకు రావు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ‘వేవ్’ (వరుసగా లేచి చేతులెత్తే అల) ఎత్తుకోవడం కూడా వద్దు, వేల మంది చూపు బంతి మీద ఉన్నప్పుడు దాన్ని చెదరగొట్టడమే అవుతుంది.

ఎంత గట్టిగా అడ్డుకోవాలన్నది స్కోరును బట్టి ఉంటుంది. 2001 మే 26న శాన్‌డియాగోలో ఆరిజోనా పిచర్ కర్ట్ షిల్లింగ్ ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా పర్ఫెక్ట్‌గా వేస్తుంటే పాడ్రెస్ క్యాచర్ బెన్ డేవిస్ బంట్ చేసి (బ్యాటు ఊపకుండా బంతిని మెల్లగా తట్టి) బేస్ చేరాడు. ఆరిజోనా మేనేజర్ మండిపడ్డాడు. అప్పుడు స్కోరు 2-0. ఒకడు బేస్ ఎక్కితే తర్వాతి బ్యాటర్ ఒక్క దెబ్బతో సమం చేయగలడు. డేవిస్ చేసింది ముమ్మాటికీ సబబే, ఇంటి ప్రేక్షకులు కొట్టిన చప్పట్లూ సబబే. అదే బంట్ 11-0 దగ్గర చేస్తే నేను సమర్థించను, అక్కడ ఆట గెలిచే ప్రయత్నం ఏమీ లేదు.

రికార్డు ముంగిట ఉన్న బ్యాటర్‌కు కావాలని వాక్ ఇవ్వడమూ అంతే. 2017 నుంచి బంతి వేయనక్కర్లేదు, మేనేజర్ చెయ్యి ఎత్తితే చాలు. జెయింట్స్ బ్యాటర్ బ్యారీ బాండ్స్‌కు 2004లో కావాలని 120 వాక్‌లు ఇచ్చారు. ఒక్క రన్ తేడా ఆటలో అది వ్యూహం, మన మేనేజర్‌ను తప్పుపట్టకండి. ఆట చేజారిపోయాక అలా చేస్తే పిరికితనమే. 2024 సెప్టెంబరు 19న మయామీలో డాడ్జర్స్ బ్యాటర్ షోహెయ్ ఒటానీ ఆ సీజన్‌లో 50వ హోమ్ రన్ అంచున నిలబడినప్పుడు ఫస్ట్ బేస్ ఖాళీగానే ఉంది. మార్లిన్స్ మేనేజర్ స్కిప్ షుమేకర్ వాక్ ఇవ్వనన్నాడు, ఆటకు అది మంచిది కాదన్నాడు. ఒటానీ కొట్టాడు. ఆ రోజు 6కి 6 హిట్లు, 3 హోమ్ రన్‌లు, 2 దొంగిలించిన బేస్‌లు, 10 ఆర్‌బీఐలు (తన దెబ్బతో జట్టుకు తెచ్చిన రన్‌లు). మయామీ జనం లేచి నిలబడి అతన్ని డగౌట్ బయటికి పిలిచారు, అతను హెల్మెట్ తీసి కృతజ్ఞత చెప్పాడు. వాళ్ల జట్టు 20-4తో ఓడిన రోజది.

మనకు ఇది కొత్త సంస్కారమేం కాదు. 1999 జనవరిలో చెన్నైలో పాకిస్తాన్ 12 రన్‌లతో టెస్టు గెలిస్తే చెపాక్ స్టేడియం నిలబడి చప్పట్లు కొట్టింది. 2021 డిసెంబరులో వాంఖడేలో న్యూజిలాండ్ తరఫున ఎజాజ్ పటేల్ మన పది వికెట్లూ తీస్తే జనమూ కొట్టారు, మన ఆటగాళ్లూ కొట్టారు. అమెరికాలో కూర్చున్నంత మాత్రాన ఆ అలవాటు పోగొట్టుకోనక్కర్లేదు.

సాధ్యమైనంతవరకు నిశ్శబ్దంగా ఉండిపోవడం మర్యాద అనుకునేవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోను. 2004 మే 18న అట్లాంటాలో నలభై ఏళ్ల ఆరిజోనా పిచర్ రాండీ జాన్సన్ 13 స్ట్రైకవుట్లతో పర్ఫెక్ట్ గేమ్ వేస్తే బ్రేవ్స్ అభిమానులు నిలబడి చప్పట్లు కొట్టారు. స్కోరు 2-0 మాత్రమే, ఆఖరి బంతి దాకా ఆట గెలిచే ఆశ ఉంది. ఆశ ఉన్నంతసేపు తమ బ్యాటర్ వైపు, పోగానే జాన్సన్ వైపు తిరిగారు. అలా తిరగడానికి ఒక్క క్షణం చాలు.

ఆ క్షణం ఎప్పుడన్నది జాగ్రత్తగా చూడండి. మూడో స్ట్రైక్ పడగానే అయిపోయిందనుకోవద్దు, ఆ బంతిని క్యాచర్ పట్టకపోతే బ్యాటర్ ఫస్ట్ బేస్‌కు పరుగు తీయొచ్చు. 2012 ఏప్రిల్ 21న సియాటిల్‌లో వైట్ సాక్స్ పిచర్ ఫిలిప్ హంబర్ 27వ బ్యాటర్‌కు 3-2 (మూడు బాల్స్, రెండు స్ట్రైకులు) మీద వేసిన బంతి క్యాచర్‌ను దాటి వెనక్కి పోయింది. బ్యాటర్ బ్రెండన్ రయన్ తాను బ్యాటు ఊపలేదని అంపైర్‌తో వాదిస్తూ ఉండిపోయాడు. పరుగు తీసి ఉంటే బేస్ చేరే అవకాశం ఉండేది. క్యాచర్ బంతి ఏరుకొచ్చి ఫస్ట్ బేస్‌కు విసిరాకే ఔట్. అలాంటప్పుడు మన బ్యాటర్‌ను ‘పరిగెత్తు’ అని అరవాల్సిన వాళ్లం మనమే.

నో-హిట్టర్ చెడిపోతే ముందు మన బ్యాటర్‌కు చప్పట్లు, మనసారా. తర్వాత ఆ పిచర్ మట్టిదిబ్బ దిగి డగౌట్‌కు నడిచేటప్పుడు అతనికీ కొట్టండి. కొన్నిసార్లు ఎవరూ చెడగొట్టకుండానే ముగుస్తుంది. 2022 ఏప్రిల్‌లో మినియాపొలిస్‌లో, చలి 38 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న మధ్యాహ్నం, డాడ్జర్స్ పిచర్ క్లేటన్ కెర్షాను ఏడు పర్ఫెక్ట్ ఇన్నింగ్స్, 80 పిచ్‌ల తర్వాత తప్పించారు. సీజన్ ముందు సన్నాహం తక్కువైన ఏడాదిలో చేతిని కాపాడటం అది. తర్వాత వచ్చిన పిచర్‌ను ఎగతాళి చేయడం అన్యాయం.

అవుట్‌ఫీల్డ్ సీట్లలో కూర్చునేవాళ్లకు ఇంకో సంగతి, బంతి. గోడ దాటి సీట్లలో పడ్డ బంతి పట్టుకున్నవాళ్లది. గోడకు ఇవతల మాత్రం ఫీల్డర్‌ది. మీ చెయ్యి గోడ మీదుగా మైదానంలోకి పోయి క్యాచ్‌కు అడ్డుపడితే అంపైర్ బ్యాటర్‌ను ఔట్ ఇస్తాడు. 2024 వరల్డ్ సిరీస్ నాలుగో ఆటలో ఇద్దరు యాంకీస్ అభిమానులు డాడ్జర్స్ ఫీల్డర్ మూకీ బెట్స్ గ్లవ్ పట్టి లాగారు. బ్యాటర్ ఔట్, వాళ్లు బయటికి, మర్నాటి ఆటకూ రానివ్వలేదు. చంటిపిల్లను ఎత్తుకున్న చేత్తో బంతికి ఎగబడటం నేను ఎన్నటికీ క్షమించను. గ్లవ్ లేకపోతే పిల్లల్ని కప్పుకుని వంగండి.

రికార్డు బంతులకు ముందే రహస్య గుర్తులు వేస్తారు. దొరికితే సంచిలో వేయకండి, ఇతరుల చేతికివ్వకండి, స్టేడియం దాటకండి. భద్రతా సిబ్బంది వచ్చి లీగ్ తనిఖీదారుల దగ్గరికి తీసుకెళ్తారు. మీ చేతిలోంచి నేరుగా వాళ్ల చేతికి వెళ్తేనే అది అదే బంతి అని తేలుతుంది. జట్టు వాళ్లు సంతకం చేసిన బ్యాటో, ఆటగాడితో భేటీనో ఇస్తామంటారు. ఒప్పుకోవాలన్న నిర్బంధం లేదు. 2022 సీజన్‌లో యాంకీస్ బ్యాటర్ ఆరన్ జడ్జ్ కొట్టిన 62వ హోమ్ రన్ బంతి ఆర్లింగ్టన్‌లోనే సీట్లలో దొరికింది, 15 లక్షల డాలర్లకు పోయింది. ఒటానీ 50వ బంతి 43 లక్షల డాలర్లు దాటింది, ఎవరిదన్న గొడవ కోర్టుకెక్కింది. అమ్మేముందు సీపీఏతో మాట్లాడండి. వెంటనే తిరిగి ఇచ్చేస్తే పన్ను ఉండదని ఐఆర్‌ఎస్ 1998లోనే స్పష్టం చేసింది. ఇవ్వాలా వద్దా అన్నది ఆ ఇంటి సంగతి, అమ్ముకున్నవాళ్లను ఆశపోతులనడం తప్పు. టొరంటోలో జడ్జ్ 61వ బంతి బ్లూ జేస్ బుల్‌పెన్‌లో (పిచర్లు సిద్ధమయ్యే చోట) పడితే వాళ్ల కోచే దాన్ని తీసి యాంకీస్‌కు అందించాడు. ఎదుటి జట్టు హోమ్ రన్ బంతిని మైదానంలోకి తిరిగి విసిరేసే షికాగో రిగ్లీ ఫీల్డ్ ఆచారం ఇలాంటి బంతికి పనికిరాదు.

27వ ఔట్ పడ్డాక అతిథి జట్టు మైదానం మధ్యలో గుమిగూడుతుంది. రెండు నిమిషాలు ఆగండి, పార్కింగ్ ఎక్కడికీ పోదు. మన ఆటగాళ్లు తలొంచుకుని డగౌట్ మెట్లు దిగుతుంటారు, వాళ్లకూ కొన్ని చప్పట్లు మిగల్చండి. ఆ తర్వాత పిల్లలతో స్కోర్‌కార్డులో ఆఖరి గడి నింపించి, పైన తేదీ వేయించి, మడత పడకుండా ఏదైనా పుస్తకంలో పెట్టించండి.