నొక్కకండి మహాప్రభో!
సేఫ్టీ రేజర్ (ఒక్క బ్లేడు బిగించి గీసుకునే రేజర్) పెట్టెలో వాడే పద్ధతి రాసిన కాగితం ఒక్కటి పెడితే ఈ కంపెనీవాళ్ల సొమ్మేం పోయింది? బ్లేళ్లున్న తల మొత్తం మార్చేసే కార్ట్రిడ్జ్‌ రేజర్‌ని అదిమి గీసే అలవాటున్నవాళ్లు దీన్నీ అలాగే అదుముతారు. ఇంకేముంది, మెడంతా మంట, గడ్డం కింద ఎర్రటి చుక్కలు. పాపం, తిట్లన్నీ బ్లేడుకి! అసలు తప్పు అదమడానిదీ, రేజర్ పట్టే కోణానిదీ. రేజర్ పైమూతను చెంపకు ఆనించి, పిడిని మెల్లగా కిందికి దించండి. బ్లేడు అంచు వెంట్రుకకు తగలగానే ఆపండి, చర్మానికీ బ్లేడుకీ మధ్య కోణం సుమారు 30 డిగ్రీలు. రేజర్ బరువే చాలు, చేతి బలం అక్కర్లేదు. మెడమీద వెంట్రుకలు ఒక్కోచోట ఒక్కో దిక్కుకు పెరుగుతాయి, ముందు వేలితో నిమిరి చూసుకోవాలి. ఆ ముక్క చెప్పరు గానీ, మొదటిరోజే వెంట్రుకలకు ఎదురుగా గీసెయ్యమంటారు. ఒళ్లు మండిపోతుంది! నురగ ఆరినచోట మళ్లీ రాయకుండా బ్లేడు పెట్టనే పెట్టకండి.