తెల్ల మారుతీ, పరాయి దొడ్డమ్మ

మొన్న ఆదివారం ఏలూరులో పెళ్లికి వెళ్లాం. భోజనాలయ్యాక మా ఆవిడ "మా దొడ్డమ్మని దారిలో దింపాలి, కారు తియ్యండి" అంది. ఆ దొడ్డమ్మని నేను చూసింది మా పెళ్లిలోనే.

మాది 1997 మోడల్ తెల్ల మారుతీ 800. బయటికి రాగానే పార్కింగ్ కుర్రాడు విజిల్ ఊదుతూ "మీదిదే సార్, తీయండి తీయండి, వెనక ఇన్నోవా ఆగింది" అని చెయ్యి చూపించాడు. ఇన్నోవాకైతే సెల్యూట్, మారుతీకైతే విజిల్! ఆ చిరాకులో డోరు లాగాను, వచ్చేసింది. తాళం వెయ్యడం మర్చిపోయాననుకున్నాను. వెనక సీట్లో పట్టుచీరలో ఒక పెద్దావిడ. దొడ్డమ్మ ముందే వచ్చి కూర్చుందన్నమాట. నమస్కారం పెట్టాను, ఆవిడా పెట్టింది.

తాళం తిప్పాను, స్టార్టయింది. అవును మరి, ఇరవై ఏళ్లు దాటి అరిగిపోయిన మారుతీ తాళం దేంట్లోనైనా తిరుగుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, పదిమందికి జోకుగా కూడా చెప్పాను. ఆ క్షణంలో మాత్రం గుర్తు రాలేదు.

చోక్ లాగి, ఇంజిన్ కుదుటపడేదాకా ఊరికే కూర్చోవడం ఎందుకని మొదలుపెట్టాను. "ఇది ఎలాంటి బండి అనుకున్నారు దొడ్డమ్మగారూ! 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు హర్‌పాల్ సింగ్ అనే ఆయనకి ఇచ్చింది. ఆయన బతికున్నన్నాళ్లూ ఆ కారు అమ్మలేదు."

"అలాగా నాయనా" అంది.

నాకు హుషారొచ్చింది. అప్పటిదాకా మనకి దిక్కు అంబాసిడరూ, ఫియట్టూనే అన్నాను. యాభై వేలకి అటూఇటూగా కొత్త కారొచ్చేదన్నాను. 796 సీసీ, మూడే సిలిండర్లు, అయినా నలుగురు మనుషులూ, రెండు బియ్యం మూటలూ, ఒక పనసపండూ ఎక్కితే కిక్కురుమనదన్నాను. పనసపండు సంగతి నా స్వానుభవం. 2014లో తయారీ ఆపేశారని చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పూడుకుపోయింది కూడా.

"అవును నాయనా, మావాడూ ఇవే చెబుతాడు. ఇంతకీ వాడేడీ?"

"మీవాడు అమెరికాలో ఉన్నాడుగా దొడ్డమ్మగారూ."

"అమెరికా ఏంటి? కిళ్లీ తెచ్చుకుంటానని ఇప్పుడేగా వెళ్లాడు!"

అప్పుడు డ్యాష్‌బోర్డు చూశాను. మా బండిలో ఆంజనేయస్వామి ఉండాలి, ఇక్కడ సాయిబాబా ఉన్నారు. ఆయన ఒక చెయ్యెత్తి నన్ను ఆగమంటున్నట్టే ఉంది. కానీ అప్పటికే వెనక నుంచి హారన్, పక్క నుంచి విజిల్, ఆ కంగారులో నా కాలు క్లచ్ మీద నుంచి జారింది. బండి గేటు దాకా గెంతింది. అద్దంలో చూస్తే, బుగ్గన కిళ్లీ పెట్టుకున్న ఒకాయన పంచె ఎగ్గట్టి పరిగెత్తుకొస్తున్నాడు. నోట్లో కిళ్లీ ఉంది కాబట్టి తిట్టలేకపోయాడు, అదొక్కటే నా అదృష్టం.

తర్వాత నేనేమన్నానో రాయను. ఆయన మాత్రం అనుమానంగా తన తాళం పట్టుకెళ్లి మా బండిలో పెట్టి తిప్పాడు. అదీ స్టార్టయింది.

పార్కింగ్ కుర్రాడు ఇద్దరి దగ్గరా చెరో ఇరవై రూపాయలు వసూలు చేసుకున్నాడు. ఇంతలో మా ఆవిడ ఒక్కతే బయటికొచ్చింది. దొడ్డమ్మ నా కోసం చూసి చూసి విసుగొచ్చి, ఆ ఇన్నోవాలో వెళ్లిపోయిందట.